గేటు లేచింది, లెక్క మన చేతికొచ్చింది
కాగితాల బాధ తగ్గాక సరిహద్దు తెలుగువారి వ్యాపారానికి ఏం ఒరిగింది, ఇంకా ఏం మిగిలింది?

యానాం నుంచి కాకినాడ సుమారు 30 కిలోమీటర్లు. యానాం నుంచి పుదుచ్చేరి 800 కిలోమీటర్ల పైమాటే. అయినా పన్నుల లెక్కలో కాకినాడకు పంపిన సరుకు పొరుగు రాష్ట్రానికి పోయినట్టు, పుదుచ్చేరికి పంపిన సరుకు ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చినట్టు. హోసూరు వాళ్ళకు బెంగళూరు, బరంపురం వాళ్ళకు ఇచ్ఛాపురం, బళ్ళారి వాళ్ళకు గుంతకల్లు, షోలాపూర్ వాళ్ళకు హైదరాబాదు ఇలాగే. రాష్ట్రాల గీతలు గీశాక గీతకు అవతల ఉండిపోయిన ఇళ్ళు మనవి. పెళ్ళి సంబంధాలకు, పండగ పిలుపులకు ఆ గీత ఎన్నడూ అడ్డం రాలేదు. బండెడు సరుకు పంపాలంటే మాత్రం అడ్డం వచ్చేది.

ఆ అడ్డం 2017 తరువాత చాలావరకు తొలగింది. సరిహద్దు దాటే సరుకుకు కాగితాల బదులు కంప్యూటర్‌లో ఎక్కించిన వివరాలే ఆధారమయ్యాయి. "అవన్నీ పెద్ద కంపెనీల సంగతులు, మనకెందుకు" అని మన సంఘం సమావేశాల్లో చాలామంది అంటుంటారు. మా అభిప్రాయం వేరు. ఈ మార్పు వల్ల ఎక్కువ బాగుపడాల్సింది సరిహద్దు ఊళ్ళలో ఉన్న చిన్న వ్యాపారులే. ఆ లాభం పూర్తిగా చేతికి రావాలంటే కొన్ని నిబంధనలు తెలిసి ఉండాలి. అవి తెలియక నష్టపోతున్నదీ మనవాళ్ళే. అందుకే ఈ వివరణ.

పాత రోజుల్లో ఏం జరిగేది

గుమాస్తాగిరీలో ఫైళ్ళు మోసిన చేతులు కాబట్టి ఆ ఫారాల పేర్లు మాకు ఇప్పటికీ నోట్లోనే ఉన్నాయి. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో ఫారం. ఆంధ్రప్రదేశ్‌లో వేబిల్లు, తమిళనాడులో జేజే ఫారం, కర్ణాటకలో కొన్నేళ్ళు ఈ-సుగమ్. ఒక రాష్ట్రం ఫారం ఇంకో రాష్ట్రం గేటు దగ్గర చెల్లదు. రెండు రాష్ట్రాలు దాటే లారీ డ్రైవరు దగ్గర కాగితాల కట్ట ఉండేది. అందులో ఒక్కటి తక్కువైనా లారీ పక్కకు పెట్టాల్సిందే.

వీటన్నిటినీ మించినది సి-ఫారం. 1956 నాటి కేంద్ర అమ్మకపు పన్ను చట్టం కింద, వేరే రాష్ట్రంలోని వ్యాపారికి సరుకు అమ్మితే తక్కువ రేటు పన్ను పడేది. చాలా ఏళ్ళు 4 శాతం, 2007లో 3, 2008 నుంచి 2 శాతం. ఆ తక్కువ రేటు దక్కాలంటే కొన్నవాడు తన రాష్ట్రంలోని పన్ను కార్యాలయం నుంచి సి-ఫారం తెచ్చి అమ్మినవాడికి పంపాలి. కొన్నవాడికి సరుకు ముట్టింది, డబ్బు ఇచ్చేశాడు. ఇక అతనికి తొందరేముంది? ఫారం రాకపోతే మిగిలిన పన్ను అమ్మినవాడి మీద పడేది. ఫారం కోసం ఉత్తరాలు, ఫోన్లు, చివరికి రైలెక్కి వెళ్ళడాలు. ఏళ్ళ తరువాత లెక్కల తనిఖీలో "ఫారం ఏదీ?" అని అడిగితే, ఎప్పుడో తిని అరిగిపోయిన లాభానికి మళ్ళీ పన్ను కట్టాల్సి వచ్చేది.

ఇందులో గమనించాల్సిన లెక్క ఒకటుంది. గేటు దగ్గర ఆగే సమయం, ఫారం తెచ్చుకునే ఖర్చు సరుకు పరిమాణాన్ని బట్టి మారవు. పది టన్నుల లారీకీ, రెండు బేళ్ళ తువ్వాళ్ళకూ అదే ఫారం, అదే వరుస. పది టన్నుల మీద పంచితే కిలోకు పైసలు పడే ఖర్చు, రెండు బేళ్ళ మీద పంచితే లాభాన్ని మింగేసేది. అందుకే చిన్న వ్యాపారి పక్క రాష్ట్రంలో మంచి ధర ఉందని తెలిసి కూడా అటు పోయేవాడు కాదు. తన ఊళ్ళో తక్కువకు అమ్ముకునేవాడు, లేదా రెండు రాష్ట్రాల్లోనూ కాగితాలు చూసుకోగల దళారికి అప్పగించేవాడు. అప్పట్లో మన ఊళ్ళ వెనుకబాటుకు చాలామంది చాలా కారణాలు చెప్పేవారు. గేటు ఖర్చును మాత్రం ఎవరూ లెక్క వేసి చూపలేదు.

మార్పు ఎలా వచ్చింది

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. ఆ వెంటనే రాష్ట్రాలు అమ్మకపు పన్ను చెక్‌పోస్టులను ఎత్తివేయడం మొదలుపెట్టాయి. మన ఊళ్ళ దారుల్లో ఉన్నవీ పోయాయి. రవాణా, అటవీ, ఎక్సైజు శాఖల గేట్లు వేరు. అవి కొన్నిచోట్ల ఆ తరువాతా కొనసాగాయి. కాబట్టి "ఇంకా గేటు ఉంది కదా" అనేవారు అది ఏ శాఖదో చూసుకోవాలి.

చెక్‌పోస్టు బదులు వచ్చింది ఈ-వే బిల్లు. దీన్ని దేశమంతటా 2018 ఫిబ్రవరి 1న మొదలుపెట్టబోతే తొలిరోజే కంప్యూటర్ వ్యవస్థ భారం మోయలేక ఆగిపోయింది. వాయిదా వేసి ఏప్రిల్ 1న మళ్ళీ మొదలుపెట్టారు. రాష్ట్రాల మధ్య కదిలే సరుకుకు ఆ రోజు నుంచే అమలు. రాష్ట్రం లోపల తిరిగే సరుకుకు కర్ణాటక అదే రోజు మొదలుపెడితే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏప్రిల్ 15న మొదలుపెట్టాయి. ఇప్పుడు దేశం మొత్తం మీద ఒకే ఫారం, ఒకే పద్ధతి. 2024 అక్టోబరు ఒక్క నెలలోనే 11 కోట్లకు పైగా ఈ-వే బిల్లులు తీశారంటే ఇది ఎంతగా అలవాటైపోయిందో తెలుస్తుంది.

సి-ఫారం బాధ కూడా చాలా సరుకులకు తీరిపోయింది. పెట్రోలు, డీజిలు, మద్యం లాంటి కొన్ని జీఎస్టీ బయట ఉన్నాయి గాని మన ఇళ్ళలో జరిగే వ్యాపారాలకు వాటితో పని లేదు. వేరే రాష్ట్రానికి అమ్మితే ఐజీఎస్టీ వేసి బిల్లు రాస్తాం. కొన్న వ్యాపారికి ఆ పన్ను తన లెక్కలో జమగా కనిపిస్తుంది. అవతలివాడు ఫారం పంపుతాడా లేదా అని ఎదురుచూడక్కర్లేదు.

ఈ-వే బిల్లు: తెలిసి ఉండాల్సిన నాలుగు లెక్కలు

మొదటిది, విలువ. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు తీయాలి. ఆ విలువ పన్నుతో కలిపి చూడాలి. 48,000 రూపాయల సరుకు మీద 5 శాతం పన్ను వేస్తే 50,400 అవుతుంది. "యాభై లోపే కదా" అని బిల్లు లేకుండా పంపితే దారిలో దొరికిపోతాం.

రెండోది, గడువు. ప్రతి 200 కిలోమీటర్లకూ ఒక రోజు. యానాం నుంచి కాకినాడకు ఒక రోజు చాలు, షోలాపూర్ నుంచి హైదరాబాదుకు రెండు రోజులు వస్తుంది. వాహనం నంబరు ఎక్కించినప్పటి నుంచి గడువు మొదలవుతుంది. మొదటి రోజు మర్నాడు అర్ధరాత్రితో పూర్తవుతుంది. బండి చెడిపోయో, వరద వచ్చో ఆలస్యమైతే గడువు తీరడానికి 8 గంటల ముందు నుంచి తీరిన 8 గంటల వరకు పొడిగించుకోవచ్చు. ఇది డ్రైవరుకు కూడా తెలిసి ఉండాలి.

మూడోది, బండిలో ఉండాల్సినవి. కాగితం లేని పద్ధతి అంటే బండిలో ఏ కాగితమూ అక్కర్లేదని కాదు. ఈ-వే బిల్లు 12 అంకెల నంబరు ఫోన్‌లో ఉంటే సరిపోతుంది. దానితోపాటు ఇన్‌వాయిస్ గాని, అమ్మకం కాని సరుకైతే డెలివరీ చలానా గాని బండిలో ఉండాలి. పెద్ద వ్యాపారాలకు ఉన్న ఈ-ఇన్‌వాయిస్ విధానంలో క్యూఆర్ కోడ్ చూపిస్తే చాలు. మనలాంటి చిన్నవాళ్ళు బిల్లు కాపీ ఒకటి డ్రైవరుకు ఇచ్చి పంపడమే మేలు.

నాలుగోది, తనిఖీ. చెక్‌పోస్టులు పోయినా సంచార తనిఖీ బృందాలు ఉన్నాయి. అవి బండిని ఆపవచ్చు. ఆపినప్పుడు మనకున్న హక్కులు చాలామందికి తెలియవు. బండిని 30 నిమిషాలకు మించి ఆపితే ఆ సంగతి రవాణాదారు పోర్టల్‌లోనే ఈడబ్ల్యూబీ-04 అనే ఫారంలో నమోదు చేయవచ్చు. తనిఖీ చేసిన అధికారి 24 గంటల్లో మొదటి నివేదిక, మూడు రోజుల్లో పూర్తి నివేదిక పోర్టల్‌లో పెట్టాలి. ఒకచోట సరుకు దింపి చూసి తనిఖీ పూర్తయితే, పన్ను ఎగవేసినట్టు ప్రత్యేక సమాచారం ఉంటే తప్ప, అదే ప్రయాణంలో దారిలో మళ్ళీ సరుకు విప్పించకూడదు. గేటు రోజుల్లో ఎవరు ఎంతసేపు ఆపారో ఎక్కడా రాసి ఉండేది కాదు. ఇప్పుడు వారి సమయమూ లెక్కలోకి వస్తోంది. చిన్నవాడికి ఇది చిన్న లాభం కాదు.

తప్పు జరిగితే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. ఈ-వే బిల్లు లేకుండా పన్ను పడే సరుకు పట్టుబడితే, యజమాని ముందుకు వచ్చినప్పుడు, పడాల్సిన పన్నుకు రెండింతల జరిమానా. లక్ష రూపాయల సరుకు మీద 5 శాతం పన్ను అయితే 10,000 రూపాయలు కట్టాలి. కానీ పేరులో ఒక అక్షరం పోయిందనో, వాహనం నంబరులో ఒకటి రెండు అంకెలు తారుమారయ్యాయనో, గడువు పెరగనంత మేరకు పిన్‌కోడ్ తప్పిందనో ఈ జరిమానా వేయకూడదని 2018 సెప్టెంబరు 14న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 64వ నంబరు సర్క్యులర్ ఇచ్చింది. అలాంటి చిన్న పొరపాటుకు జరిమానా 1,000 రూపాయలే. ఈ సర్క్యులర్ కాపీ ఒకటి ఫోన్‌లో ఉంచుకొమ్మని మా సలహా. "పదివేలు కట్టు" అన్నచోట దీన్ని చూపిస్తే మాట్లాడే తీరు మారుతుంది.

ఇక మామూలు కుటుంబాల సంగతి. అమ్మాయి కాపురానికి వాడిన మంచాలు, బీరువాలు, వంటసామాను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపితే ఈ-వే బిల్లు అక్కర్లేదు. వాడిన ఇంటిసామాను మినహాయింపుల జాబితాలో ఉంది. సామాను చిట్టా ఒకటి సంతకం చేసి డ్రైవరుకు ఇస్తే చాలు. కొత్తగా కొన్న ఫ్రిజ్జు, టీవీ లాంటివైతే కొట్టువాడి బిల్లు వెంట ఉండాలి. ఇంజను లేని బండికి కూడా ఈ-వే బిల్లు అక్కర్లేదు. యానాం పొలిమేరలో రిక్షా తొక్కేవారికి ఈ నిబంధన ఉందని తెలిస్తే సంతోషిస్తారు.

సరిహద్దు ఇంకా ఎక్కడ ఉంది

మనవాళ్ళు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

సరుకుల వ్యాపారికి సంవత్సరానికి 40 లక్షల రూపాయల అమ్మకం వరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ విన్నారు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రల్లో అది నిజం. పుదుచ్చేరిలో, అంటే యానాంలో, ఆ హద్దు 20 లక్షలే. తెలంగాణలోనూ అంతే. యానాంలో ఒక పచ్చళ్ళ ఇల్లు 25 లక్షల వ్యాపారం చేస్తే నంబరు తీసుకోవాలి. ఊరి పొలిమేర దాటి అదే వ్యాపారం చేస్తే అక్కర్లేదు. వీధి మారితే చట్టం మారినట్టుంది.

దానికన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. ఈ హద్దులన్నీ రాష్ట్రం లోపల అమ్మేవారికే. పన్ను పడే సరుకును వేరే రాష్ట్రానికి పంపి అమ్మితే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. బరంపురం నుంచి ఇచ్ఛాపురానికి వారానికి రెండు పెట్టెల పచ్చళ్ళు పంపే ఇల్లాలికీ ఇదే నిబంధన. కాంపోజిషన్ పథకంలో ఉన్నవారైతే వేరే రాష్ట్రానికి సరుకు అమ్మనే కూడదు. ఆన్‌లైన్ సంస్థల ద్వారా నంబరు లేకుండా అమ్ముకునే వీలు 2023 అక్టోబరు నుంచి ఇచ్చారు గాని, అదీ రాష్ట్రం లోపలికే. హోసూరులో ఉన్నవారు చెన్నైకి అమ్ముకోవచ్చు, కనుచూపు మేరలో ఉన్న కర్ణాటకకు అమ్మకూడదు. కొట్టుకు వచ్చిన మనిషికి చిరునామా రాయకుండా చిల్లరగా అమ్మితే అది స్థానిక అమ్మకమే, అందులో చిక్కు లేదు. మనం కట్టి పంపినప్పుడే సరిహద్దు లేచి నిలబడుతుంది.

చేనేత, చేతివృత్తుల వారికి ఇందులో మినహాయింపు ఉంది. జాబితాలో ఉన్న హస్తకళల సరుకును, చేనేత బట్టలతో సహా, రిజిస్ట్రేషన్ హద్దు దాటనంత వరకు నంబరు లేకుండానే వేరే రాష్ట్రానికి అమ్మవచ్చు. పాన్ ఉండాలి. అయితే ఇక్కడొక మెలిక ఉంది. అలా పంపే సరుకుకు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు తీయాలి. 50,000 లెక్క ఇక్కడ పనికిరాదు. 6,000 రూపాయల రెండు చీరలు పంపినా బిల్లు ఉండాల్సిందే.

అలాగే నూలు ఒక రాష్ట్రంలో, మజూరీకి నేసే మగ్గం ఇంకో రాష్ట్రంలో ఉంటే, అక్కడికి పంపే నూలుకు విలువతో పని లేకుండా ఈ-వే బిల్లు తీయాలి. అది అమ్మకం కాదు కాబట్టి ఇన్‌వాయిస్ బదులు డెలివరీ చలానా రాస్తారు. "అమ్మడం లేదు కదా, బిల్లెందుకు" అనుకోవడం సహజం. దొరికినప్పుడు ఆ మాట చెల్లదు.

రైతుకు వేరే సంగతి. తాను పండించిన పంట అమ్ముకునేంత వరకు రైతుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయితే పన్ను పడే పంటను కొని అవతలికి పంపే వ్యాపారికి పైన చెప్పినవి వర్తిస్తాయి.

ఇంటిపేరు ముందా, వెనకా?

ఇది మన వాళ్ళకే ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది. తెలుగునాట ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. తమిళనాడులో చదువుకున్న పిల్లవాడికి బడిలో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్‌గా పడుతుంది, ఇంటిపేరు మాయమవుతుంది. మహారాష్ట్రలో సొంత పేరు, నడుమ తండ్రి పేరు, చివర ఇంటిపేరు. ఒడిశాలో, కర్ణాటకలో రాసేవాడి చెవికి ఎలా వినిపిస్తే అలా స్పెల్లింగు. ఒకే మనిషికి పాన్‌లో ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు, బ్యాంకు పుస్తకంలో మరో తీరు పేరు ఉండటం మన ఇళ్ళలో వింత కాదు.

కాగితాల రోజుల్లో దీనికొక దారి ఉండేది. బల్ల అవతల కూర్చున్న గుమాస్తా మనిషిని చూసి, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, "ఇతనే అతను" అని రాసి పంపేవాడు. కంప్యూటర్‌కు ఆ విచక్షణ లేదు. పాన్‌లోని పేరు, ఆధార్‌లోని పేరు, ఖాతాలోని పేరు కలవకపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది. జీఎస్టీ నంబరుకైనా, ఎగుమతి కోడ్‌కైనా, వాపసు రావాల్సిన పన్నుకైనా ఇదే తలుపు దగ్గర ఆగిపోతారు. కాబట్టి వ్యాపారం పెట్టే ముందే మూడు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ముందు దాన్ని సరిచేయించుకోండి. ఈ ఒక్క పని ముందుగా చేసుకుంటే తరువాతి తిరుగుళ్ళు చాలావరకు తప్పుతాయి.

సముద్రం దాటే సరుకు

రాష్ట్రాల సరిహద్దు దగ్గర జరిగినదే దేశపు సరిహద్దు దగ్గరా జరుగుతోంది. 2015 మార్చిలో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఎగుమతికి తప్పనిసరి పత్రాలను మూడుకు తగ్గించింది. ఓడ లేదా విమాన రవాణా పత్రం, ప్యాకింగ్ వివరాలతో కూడిన ఇన్‌వాయిస్, షిప్పింగ్ బిల్లు. షిప్పింగ్ బిల్లును కస్టమ్స్ వారి ఐస్‌గేట్ పోర్టల్‌లో వేయవచ్చు. వెంట పెట్టాల్సిన పత్రాలను ఈ-సంచిత్ అనే ఏర్పాటులో స్కాన్ చేసి ఎక్కించవచ్చు. ఐజీఎస్టీ కట్టి ఎగుమతి చేస్తే, ఆ షిప్పింగ్ బిల్లే పన్ను వాపసుకు దరఖాస్తుగా లెక్క. దానికి మళ్ళీ వేరే అర్జీ పెట్టక్కర్లేదు.

హోసూరు గులాబీని తీసుకోండి. ఫిబ్రవరిలో ప్రేమికుల రోజుకు ముందు ఆ చుట్టుపక్కల తోటల నుంచి పూలు విదేశాలకు పోతాయి. ఫిబ్రవరి 14 దాటాక వెళ్ళిన పువ్వుకు ఆ ధర రాదు. అలాంటి సరుకుకు ఒక సంతకం కోసం ఒక రోజు ఆగడమంటే సగం సరుకు పోగొట్టుకోవడమే. షోలాపూర్ తువ్వాలు వాడిపోదు గాని, అక్కడా పెట్టుబడి వాడిపోతుంది. పన్ను వాపసు మూడు నెలలు ఆలస్యమైతే ఆ మూడు నెలలూ నూలు కొనడానికి వడ్డీకి అప్పు తేవాలి. ఒకటిన్నర శతాబ్దంగా తెలుగు పద్మశాలి కుటుంబాలు మగ్గం ఆడిస్తున్న ఊరు అది. వాపసు త్వరగా వస్తే ఆ వడ్డీ సొమ్ము మజూరీగా మారే అవకాశం ఉంటుంది.

చిన్నవాళ్ళకు ఇప్పుడు పోస్టాఫీసు దారి కూడా ఉంది. 2022 డిసెంబరు నుంచి తపాలా ద్వారా చేసే ఎగుమతికి కస్టమ్స్ పత్రాన్ని ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు. డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రాలు దేశంలో వెయ్యికి పైగా పోస్టాఫీసుల్లో ఉన్నాయి. పెద్ద రేవు దగ్గరికి పోకుండా మన జిల్లా పోస్టాఫీసులోనే పార్శిలు ఇవ్వవచ్చు. దీనికి ఎగుమతి కోడ్ కావాలి. దాని రుసుము 500 రూపాయలు. అది పాన్ నంబరే. ప్రతి ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోగా పోర్టల్‌లోకి వెళ్ళి వివరాలు సరిగా ఉన్నాయని ధ్రువీకరించాలి. మార్పేమీ లేకపోయినా ధ్రువీకరించాలి. మరిచిపోతే కోడ్ పనిచేయదు. విదేశానికి అమ్మడం కూడా అంతర్రాష్ట్ర అమ్మకం కిందికే వస్తుంది కాబట్టి జీఎస్టీ నంబరు సంగతి ముందే చూసుకోవాలి. అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపే పచ్చడి అమ్మకం కాదు, దానికి ఈ కోడ్‌తో పని లేదు.

అయితే సముద్రపు సరిహద్దుకు రెండు వైపులు ఉన్నాయి. మనవైపు అంతా కంప్యూటర్‌లో జరిగినా, అవతలి దేశం "అసలు కాగితం, తడి సంతకం, గుండ్రటి ముద్ర కావాలి" అంటే మళ్ళీ కొరియరు పంపాల్సిందే. ఒక దేశం ఇచ్చిన ఎలక్ట్రానిక్ పత్రాన్ని ఇంకో దేశం ఒప్పుకోవాలి. అప్పుడే కాగితం నిజంగా పోతుంది. ఇందుకోసమే ఐక్యరాజ్య సమితి ఆసియా పసిఫిక్ ఆర్థిక సామాజిక సంఘం ఆధ్వర్యంలో 2016లో ఒక ఒప్పందం తయారైంది. 2021 ఫిబ్రవరి 20 నుంచి అది అమల్లోకి వచ్చింది. అంతకుముందే 2017 ఫిబ్రవరిలో ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సౌలభ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. భారత్ దాన్ని 2016లోనే ఆమోదించింది. ఇవి ఎక్కడో బ్యాంకాక్‌లో, జెనీవాలో జరిగే మాటల్లా కనిపిస్తాయి. ఆ మాటల ఫలితం మాత్రం మన పార్శిలు అవతలి రేవులో ఎన్ని రోజులు పడి ఉంటుందనే దాని మీదే కనిపిస్తుంది.

ఇప్పుడు మనం చేయాల్సింది

లాభం ఉంది, ఎవరూ కాదనరు. కానీ ఆ లాభం కంప్యూటర్ తెలిసినవారికే పోతే, పాత దళారి పోయి కొత్త దళారి వచ్చినట్టే. చాలా ఊళ్ళలో ఇప్పటికే అలా జరుగుతోంది. ఈ-వే బిల్లు తీసే ఏజెంటు దగ్గరే పాస్‌వర్డు ఉంటుంది, అతని ఫోన్ నంబరే పోర్టల్‌లో నమోదై ఉంటుంది, ఓటీపీ అతనికే వస్తుంది. ఇంటి తాళంచెవి పక్కింట్లో పెట్టి నిద్రపోవడం లాంటిది ఇది. ఏజెంటుకు డబ్బు ఇచ్చి పని చేయించుకోవడంలో తప్పులేదు. నమోదైన నంబరు మాత్రం మన ఇంట్లోదై ఉండాలి. రేపు ఆ పేరు మీద ఎవరో దొంగ బిల్లు తీస్తే నోటీసు వచ్చేది మన గుమ్మానికే.

భాష ఇంకో గోడ. పోర్టళ్ళు ప్రధానంగా ఇంగ్లీషులో నడుస్తాయి. మన పెద్దవాళ్ళకు తెలుగు మాటే వస్తుంది, చదవడం రాదు. మన పిల్లలకు కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ లిపి వచ్చు, తెలుగు లిపి రాదు. ఇళ్ళలో ఈ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడితే గాని పని జరగదు. సరుకు సంగతి పెద్దవారికి తెలుసు, మీట నొక్కడం చిన్నవారికి తెలుసు. ప్రతి తెలుగు సంఘం నెలకు ఒక ఆదివారం ఒక గంట దీనికి కేటాయించవచ్చు. ఒక కంప్యూటరు, ఒక డిగ్రీ చదివే పిల్లవాడు, ఒక రిటైరైన గుమాస్తా ఉంటే చాలు. ఉగాది సభకు దండలు తెప్పించినంత ఖర్చు కూడా కాదు.

ప్రభుత్వాల్ని అడగాల్సినవీ ఉన్నాయి. చేనేతకు ఇచ్చిన మినహాయింపును ఇంట్లో చేసే పచ్చళ్ళు, పిండివంటలకూ ఇచ్చి, చిన్న హద్దు వరకైనా సరిహద్దు దాటి అమ్ముకోనివ్వాలి. యానాం లాంటి చోట్ల 20 లక్షల హద్దును చుట్టూ ఉన్న రాష్ట్రంతో సమానం చేయాలి. ఇలాంటివి జీఎస్టీ కౌన్సిల్‌లో తేలాలి. అందులో ప్రతి రాష్ట్రం నుంచి, పుదుచ్చేరి నుంచి కూడా, మంత్రి ఉంటారు. మన ఎమ్మెల్యేలు ఓట్లప్పుడు తెలుగులో పలకరిస్తారు. ఈసారి వచ్చినప్పుడు శాలువాతో పాటు ఈ రెండు కోరికలు రాసిన అర్జీ కూడా చేతిలో పెడదాం.

ఈలోగా ఇంట్లో చేసుకోగల పనులు మూడు. పాన్, ఆధార్, బ్యాంకు పుస్తకం తీసి పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. జీఎస్టీ నంబరు ఉన్నవారు అందులో నమోదైన ఫోన్ నంబరు ఎవరిదో కనుక్కోండి. వేరే రాష్ట్రానికి ఏ కాస్త సరుకు పంపుతున్నా, అది ఏ నిబంధన కిందికి వస్తుందో పంపే ముందే తెలుసుకోండి. అనుమానం ఉంటే మీ ఊరి సంఘం కార్యదర్శిని అడగండి. తెలిస్తే చెబుతాం, తెలియకపోతే కనుక్కుని చెబుతాం. కాగితం పోయినా గుమాస్తాలకు పని పోలేదు.